‘ఓఎన్‌టీలో పవర్ పడిపోయింది’ అంటే ఏమిటండీ?

ప్రశ్న: మాది నరసన్నపేట. ఇంట్లో కేబుల్ నెట్, దాంతోపాటే ల్యాండ్‌లైన్ ఉన్నాయి. మా అమ్మాయి మేడ మీద గదిలో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి పని చేస్తుంది. పది రోజులుగా నెట్ వస్తూ పోతూ ఉంది. కస్టమర్ కేర్‌కి చేస్తే ‘మోడెం ఆపి మళ్లీ వెయ్యండి’ అంటారు. లైను చూడ్డానికి వచ్చిన కుర్రాడు ‘ఓఎన్‌టీలో పవర్ పడిపోయిందమ్మా, మైనస్ ముప్పై వస్తోంది, స్ప్లిటర్ దగ్గర లాస్ ఉన్నట్టుంది’ అన్నాడు. పోతూ పోతూ డ్యూయల్ బ్యాండ్ రూటర్ కొనుక్కోండి, మూడు వేలవుతుంది అన్నాడు. మా అమ్మాయేమో వైఫై ఫుల్‌గా ఉంది గాని నెట్ లేదంటుంది. అందరూ చూపించేది గోడకున్న ఆ ఒక్క తెల్ల డబ్బానే, పేర్లు మాత్రం తలా ఒకటి. ఇంకో మాట. 100 ఎంబీపీఎస్‌కి డబ్బు కడుతున్నాం. నెట్ బాగున్న రోజున కూడా ఏదైనా డౌన్‌లోడ్ చేస్తే 12 దాటదు. కరెంటు పోతే ల్యాండ్‌లైన్ కూడా మూగబోతోంది, పాత ఫోన్ అలా ఉండేది కాదు. ఇంతకీ రూటర్ కొనమంటారా?
— ఒక గృహిణి, నరసన్నపేట

సమాధానం:

అమ్మా, రూటర్ కొనకండి. ఆ మూడు వేలూ ప్రస్తుతానికి బీరువాలోనే ఉండనివ్వండి. మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క ముక్కలో ఉంది, అది మైనస్ ముప్పై. ఆ అంకె నిజమైతే లోపం మీ ఇంటి బయట తీగలో ఉంది, లేదా ఆ తీగ డబ్బాలోకి దూరే చోట ఉంది. బయటి నుంచి వచ్చే వెలుతురే కొనఊపిరితో ఉంటే లోపల ఎంత ఖరీదైన రూటర్ పెట్టినా ఒరిగేదేమీ లేదు.

నేను రాగి తీగల కాలం నుంచి శ్రీకాకుళం చుట్టుపక్కల టెలిఫోన్ లైన్ల పని చేసినవాణ్ణి. మాటలు తెలియక జనం డబ్బు పోగొట్టుకోవడం చూస్తే నాకు మనసు ఊరుకోదు. అందుకే మీరు విన్న పేర్లన్నీ ఒక్కొక్కటే విప్పి చెబుతాను.

ముందు ఆ తెల్ల డబ్బా సంగతి. మోడెం అన్నది పాత పేరు. మాడ్యులేటర్, డీమాడ్యులేటర్ అనే రెండు మాటల్ని కత్తిరించి అతికించారు. 1995 ఆగస్టు 15న మన దేశంలో పెద్ద నగరాల జనానికి ఇంటర్నెట్ వచ్చింది. అప్పట్లో కంప్యూటర్ మాటల్ని ఫోన్ తీగ మొయ్యగలిగే శబ్దంగా మార్చడం, అవతల మళ్లీ వెనక్కి మార్చడం మోడెం పని. కీచుమని చప్పుడు చేసేది చూడండి, అదే. ఎంత గింజుకున్నా 56 కేబీపీఎస్ దాటేది కాదు, పైగా నెట్ వాడుతున్నంతసేపూ ఫోన్ ఎంగేజ్. తర్వాత డీఎస్ఎల్ వచ్చింది. మనిషి గొంతుకు 4 కిలోహెర్ట్జ్ లోపు చాలు కాబట్టి, ఆ పైనున్న ఖాళీలో నెట్ పంపించారు. గొంతునీ నెట్‌నీ విడదీయడానికి గోడ దగ్గర అగ్గిపెట్టెంత బుడిపె ఒకటి పెట్టేవాళ్లు. దాన్నీ స్ప్లిటర్ అనేవాళ్లం. టీవీ కేబుల్‌ని రెండు గదులకు పంచే లోహపు ముక్కనీ స్ప్లిటర్ అనేవాళ్లం. మీ కుర్రాడు చెప్పిన స్ప్లిటర్ ఈ రెండూ కాదు, దాని దగ్గరకు వస్తాను.

ఇప్పుడు మీ ఇంటికి వచ్చేది గాజు తీగ, దాన్నే ఫైబర్ అంటారు. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుతురు. ఆ వెలుతురును అందుకుని కంప్యూటర్‌కి తెలిసే భాషలోకి మార్చే పరికరం ఓఎన్‌టీ. కొందరు ఓఎన్‌యూ అంటారు, మీ వరకు రెండూ ఒకటే. వచ్చిన ఒక్క లైనును ఇంట్లోని ఫోన్లకీ టీవీకీ లాప్‌టాప్‌కీ పంచేది రూటర్. ఆ పంచడం తీగ లేకుండా గాలిలో చేసేది వైఫై. మీ ల్యాండ్‌లైన్ గొంతును నెట్ మాటగా మార్చే భాగం ఇంకొకటి. ఈ నాలుగూ మీ తెల్ల డబ్బాలోనే ఇమిడి ఉన్నాయి. కాబట్టి మోడెం అన్నవాళ్లూ, ఓఎన్‌టీ అన్న కుర్రాడూ, వైఫై అన్న అమ్మాయీ ఎవరూ తప్పు చెప్పలేదు. ఒకే డబ్బాలోని వేర్వేరు భాగాల పేర్లు చెప్పారు.

కేబుల్ నెట్ అన్న మాటతో కూడా జాగ్రత్త. టీవీ కేబుల్ అంటే లావుగా నల్లగా ఉండి మధ్యలో ఒకే తీగ ఉండే కోయాక్స్. దాని మీదే నెట్ పంపే పద్ధతి ఉంది, దానికి వేరే మోడెం కావాలి. మన ఊళ్లలో కేబుల్ టీవీ ఆపరేటర్లే నెట్ కూడా ఇస్తున్నారు కాబట్టి తీగ ఫైబర్‌కి మారినా పేరు మారలేదు. మీ డబ్బా వెనక చూడండి. నీలం రంగో ఆకుపచ్చ రంగో మూతితో, దారంలా సన్నటి పసుపు తీగ దూరుతుంటే మీది ఫైబరే.

ఇక మైనస్ ముప్పై. దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి.

వెలుతురు బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు. సున్నా అంటే ఒక మిల్లీవాట్. మైనస్ 10 అంటే అందులో పదో వంతు. మైనస్ 20 అంటే నూరో వంతు. మైనస్ 30 అంటే వెయ్యో వంతు. మైనస్ గుర్తు చూసి భయపడక్కర్లేదు, ఆరోగ్యంగా ఉన్న లైనుకి కూడా మైనస్సే ఉంటుంది. ఇళ్లలో పెట్టే మామూలు ఓఎన్‌టీ మైనస్ 27 వరకు చదవగలదు. మైనస్ 18 నుంచి 24 మధ్య ఉంటే నిశ్చింతగా పడుకోవచ్చు. 27 దాటిందా, డబ్బా తడబడుతుంది. కాసేపు అందుకుంటుంది, కాసేపు వదిలేస్తుంది. వస్తూ పోతూ ఉంది అని మీరు రాసింది సరిగ్గా అదే. మైనస్ 20 ఉన్న పక్కింటితో పోలిస్తే మీ ఇంటికి పదో వంతు వెలుతురే వస్తోంది.

మిగతాది ఎక్కడ పోయింది? దూరంలో పెద్దగా పోదు. మైనస్ 20 కాస్తా మైనస్ 21 అయితే ఒక డెసిబెల్ పోయినట్టు. గాజు తీగ కిలోమీటరు పొడవుకు మింగేది డెసిబెల్‌లో మూడో వంతు లోపే. ఆపరేటర్ ఆఫీసులో ఉండే పెద్ద యంత్రాన్ని ఓఎల్‌టీ అంటారు. అక్కడి నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా ఈ పద్ధతి పనిచేస్తుంది. అసలు ఖర్చు పంపకంలో ఉంది. ఓఎల్‌టీ నుంచి బయల్దేరిన ఒక్క తీగను దారిలో చీల్చుకుంటూ 32 ఇళ్లకో 64 ఇళ్లకో ఇస్తారు. చీల్చే చోట ఉండేదే మీ కుర్రాడు చెప్పిన స్ప్లిటర్. దానికి కరెంటు అక్కర్లేదు, స్తంభం మీద చిన్న డబ్బాలో ఉంటుంది. రెండుగా చీలిస్తే మూడున్నర డెసిబెల్స్, ఎనిమిదిగా చీలిస్తే సుమారు పదిన్నర పోతాయి. అది లెక్కలో ఉన్న ఖర్చు, లైను వేసేటప్పుడే చూసుకుంటారు. లెక్కలో లేనిది ఎప్పుడొస్తుందంటే, వీధిలో కొత్త కనెక్షన్ ఇస్తూ మీకొచ్చే తీగ మీదే ఇంకో స్ప్లిటర్ తగిలించినప్పుడు. ఈ పది పదిహేను రోజుల్లో మీ వరసలో ఎవరైనా కొత్తగా నెట్ పెట్టించారేమో కనుక్కోండి. పెట్టించి ఉంటే ఆ మాట కుర్రాడితో చెప్పండి, వెతుకులాట సగం తగ్గుతుంది.

ఇంకోటి డ్రాప్ వైరు. స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే ఆఖరి ముక్కను అలా అంటారు. కొబ్బరి చెట్లున్న వీధుల్లో మట్టలు రాసుకుంటాయి, ఉడతలు పైతోలు కొరుకుతాయి. తెగితే వెల్డింగ్ లాంటి పద్ధతిలో రెండు గాజు కొనల్ని కరిగించి అతుకుతారు, దాన్ని స్ప్లైసింగ్ అంటారు. మెషీన్‌తో చేస్తే డెసిబెల్‌లో పదో వంతు కూడా పోదు. చేత్తో బిగించే క్లిప్పు జాయింటు పెట్టి వదిలేస్తే ఎండకూ వానకూ అదే మళ్లీ గుదిబండ అవుతుంది. జాయింటు మెషీన్‌తోనే వెయ్యమని గట్టిగా అడగండి.

అన్నిటికంటే ముందు మీరే చూడగలిగినది ఒకటుంది. ఒక సంక్రాంతికి మా ఇంటికి రంగులు వేయించాను. పనివాళ్లు డబ్బాను పక్కకు జరిపి, పసుపు తీగ వేలాడుతోందని నాలుగు మడతలు పెట్టి రబ్బరు బ్యాండు వేసి వెనక్కి దోపారు. సాయంత్రానికి నెట్ లేదు, ఎర్ర లైటు. విప్పి చూస్తే మడత దగ్గర తీగ మిరపకాయ తొడిమలా వంగి ఉంది. గాజు తీగలో వెలుతురు గోడలకు తగులుతూ ముందుకు పోతుంది, వంపు మరీ బిగుసుకుంటే అక్కడే బయటకు కారిపోతుంది. బ్యాండు తీసి, తీగను టీ సాసరంత గుండ్రంగా చుట్టి వదిలాను. రెండు నిమిషాల్లో లైటు పచ్చబడింది. మీ డబ్బా వెనక కూడా ఒకసారి చూడండి. మేకుకి చుట్టారా, టీవీ బల్ల కింద నలిగిందా, కిటికీ తలుపు సందులో పడిందా అని. కొసను మాత్రం బయటకు లాగకండి. లాగినా అందులోకి కన్ను పెట్టి చూడొద్దు, పిల్లల్ని చూడనివ్వొద్దు. అందులో వచ్చేది కంటికి కనబడని లేజర్, కనబడదు కాబట్టే రెప్ప కూడా పడదు. నీలం మూతిని ఆకుపచ్చ మూతికి తగిలించినా వెలుతురు బాగా పోతుంది, రెండింటి కొసలు చెక్కిన తీరు వేరు. ఎవరైనా మీ తీగ మార్చి ఉంటే అది కూడా అడగాల్సిన ప్రశ్నే.

డబ్బా మీద లైట్లలో మీకు కావలసినవి రెండే. పాన్ (PON) అన్నది నిలకడగా పచ్చగా వెలగాలి. ఎల్ఓఎస్ (LOS) అన్నది వెలగనే కూడదు. అది ఎర్రగా మెరిసిందంటే వెలుతురు అందడం లేదని అర్థం. అప్పుడు డబ్బాను ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు. అది చూశాక కూడా కస్టమర్ కేర్‌లో రీస్టార్ట్ చేయమంటే, ఎల్ఓఎస్ ఎర్రగా ఉందని చెప్పండి చాలు.

మీ అమ్మాయి మాట చూద్దాం. వైఫై ఫుల్‌గా ఉండి నెట్ లేకపోవడంలో విచిత్రమేమీ లేదు. ఫోన్‌లో కనిపించే ఆ గీతలు మీ ఫోన్‌కీ డబ్బాకీ మధ్య గాలి ఎంత బాగుందో చెబుతాయి. డబ్బా నుంచి బయటి ప్రపంచానికి దారి ఉందో లేదో వాటికి తెలియదు. వీధి కుళాయి పగిలి నీళ్లు రాకపోయినా ఇంట్లో పైపులు బాగానే ఉంటాయి కదా, అలా.

లోపం లోపలా బయటా అని తేల్చడానికి పింగ్ అనే పరీక్ష ఉంది. ఒక చిన్న సందేశం పంపి అది తిరిగి రావడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చూడటమే పింగ్. మీ అమ్మాయికి లాప్‌టాప్‌లో చేయడం తెలిసే ఉంటుంది. ముందు డబ్బాకే పింగ్ కొట్టమనండి. దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో దాని చిరునామా, ఎక్కువగా 192.168.1.1 ఉంటుంది, డబ్బా అడుగున స్టిక్కరు మీద రాసి ఉంటుంది. తర్వాత బయటి సైట్ దేనికైనా కొట్టమనండి. డబ్బాకి ఒకటి రెండు మిల్లీసెకన్లలో నిలకడగా జవాబు వస్తూ, బయటికి మాత్రం తెగిపోతుంటే తప్పు లైనుదే. డబ్బా దగ్గరే జవాబు 3, 200, 8, టైమ్ అవుట్ అంటూ ఎగిరిపడుతుంటే అది వైఫై తలనొప్పి. వీడియో కాల్‌లో మాట తెగిపోవడానికి చాలాసార్లు స్పీడు తక్కువై కాదు, ఈ ఎగిరిపడటమే కారణం.

మీ ఇంట్లో వైఫై తలనొప్పి కూడా ఎంతో కొంత ఉండే ఉంటుందని నా అనుమానం. డబ్బా కింద, అమ్మాయి మేడ మీద, మధ్యలో ఇనుప చువ్వల స్లాబు. డ్యూయల్ బ్యాండ్ అంటే రెండు రకాల రేడియో, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది గోడలు దాటి దూరం పోతుంది గాని నెమ్మది, పైగా వీధిలో అందరి ఇళ్ల వైఫైలూ అక్కడే కిక్కిరిసి ఉంటాయి. రెండోది వేగం, కానీ స్లాబు ముందు చేతులెత్తేస్తుంది. కాబట్టి కింద గదిలో ఎంత మంచి రూటర్ పెట్టినా మేడ మీదకు వచ్చేసరికి మళ్లీ ఆ 2.4 మీదే ఆధారపడాలి. నా సలహా ఏమిటంటే, డబ్బాలోని ల్యాన్ అని రాసి ఉన్న రంధ్రం నుంచి మేడ మీదకు క్యాట్ 6 అనే నెట్ తీగ ఒకటి లాగించండి. వంద మీటర్ల దాకా దానికి ఢోకా లేదు. అమ్మాయి లాప్‌టాప్‌కి నేరుగా తగిలించండి, ఆఫీసు పనికి అంతకు మించిన హాయి లేదు. పైన ఫోన్లకి కూడా వైఫై కావాలంటే పాత రూటర్ ఏదైనా అటక మీద ఉంటే దాన్ని తీగలో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచే యాక్సెస్ పాయింట్‌గా పెట్టించండి. తీగ కొసన ఉండే ఆర్‌జే-45 క్లిప్పులో ఎనిమిది తీగలూ బిగించారో లేదో చూడండి. నాలుగే బిగించి పోతే 100 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది, రేపు ప్లాన్ పెంచుకున్నా పెరగదు. ల్యాండ్‌లైన్‌కి వాడే చిన్న క్లిప్పు ఆర్‌జే-11, అది వేరు. అది ఈ రంధ్రంలో దూరుతుంది కూడా, పని మాత్రం చేయదు, రంధ్రంలోని పిన్నులు వంగే ప్రమాదం ఉంది.

100కి డబ్బు కట్టి 12 రావడం గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. మీ ప్లాన్ బిట్లలో చెబుతారు, డౌన్‌లోడ్ చేసేటప్పుడు ఫోన్ బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. మన అమ్మమ్మల కొలతల్లో చెప్పాలంటే నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, అంటే ఎనిమిది గిద్దలు ఒక తవ్వ. వాళ్లు వంద గిద్దలు పోస్తామన్నారు, మీరు పన్నెండున్నర తవ్వలు కొలుచుకున్నారు. లెక్క సరిపోయింది. నెట్ బాగున్న రోజున మీకు పూర్తి స్పీడు వస్తోందన్నమాట. అంటే డబ్బా కూడా ఆరోగ్యంగానే ఉంది, రూటర్ కొనవద్దనడానికి అదో కారణం.

ల్యాండ్‌లైన్ గురించి మీరు రాసింది చదువుతుంటే నాకు బాధేసింది, ఎందుకంటే మీరు గమనించింది అక్షరాలా నిజం. రాగి తీగ ఫోన్‌కి మీ ఇంటి కరెంటుతో పని ఉండేది కాదు. ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు అదే తీగ మీద వచ్చేవి. ఊరంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే గుయ్‌మని డయల్ టోన్ వినిపించేది. ఫైబర్ కొచ్చాక గాజు తీగ కరెంటు మొయ్యదు. మీ గొంతు డబ్బాలోనే నెట్ మాటగా మారి పోతుంది. డబ్బాకి కరెంటు లేకపోతే ఫోన్ కూడా లేనట్టే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో స్తంభాలు వరసగా పడిపోవడం మనం చూశాం. ఇప్పుడు చాలాచోట్ల ఫైబర్ తీగ కూడా అవే కరెంటు స్తంభాల మీద ఉంది. తుఫాను ముందు మీరు చేయగలిగేది డబ్బాకు ఒక మినీ యూపీఎస్, అంటే కరెంటు పోయినప్పుడు దాన్ని నడిపే చిన్న బ్యాటరీ, పెట్టుకోవడం. డబ్బా అడాప్టర్ మీద 12 వోల్టులు, ఒక ఆంపియరో ఒకటిన్నరో అని ఉంటుంది. వోల్టులు సరిగ్గా అవే ఉన్నది, ఆంపియర్లు అంతకు తగ్గనిది తీసుకోండి. ఆ మూడు వేలల్లో సగం లోపే అవుతుంది. మామూలు కోతలకు కొన్ని గంటలు లాగుతుంది. స్తంభమే పడిపోతే అదీ పనిచేయదు, అందుకని చార్జింగ్ ఉన్న మొబైల్ ఒకటి విడిగా ఉంచుకోండి. పెద్దవాళ్లున్న ఇల్లయితే తప్పనిసరి.

రేపు ఉదయం కంప్లైంట్ ఇచ్చేటప్పుడు ‘నెట్ స్లోగా ఉంది’ అనకండి. ఆ మాటకు వాళ్ల దగ్గర ఒకటే జవాబుంది, రీస్టార్ట్. ఇలా చెప్పండి: “ఓఎన్‌టీలో ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 30 ఉందని మీ మనిషే కొలిచి చెప్పాడు. పాన్ లైటు నిలవడం లేదు. ఇది వైఫై సమస్య కాదు. డ్రాప్ వైరూ స్ప్లిటరూ చూసి సరిచేయండి. కంప్లైంట్ నంబర్ చెప్పండి, రాసుకుంటాను.” ఆర్‌ఎక్స్ పవర్ అంటే డబ్బా అందుకుంటున్న వెలుతురు బలం. నంబర్ ఇవ్వకుండా ఫోన్ పెట్టేయనివ్వకండి. గడువు దాటినా పని కాకపోతే కంపెనీలోనే అప్పీలు వినే అధికారి ఉండాలన్నది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన, అక్కడ అడిగే మొదటి ముక్క ఆ నంబరే. ఇంటి బయటి లైను బాగుచేయడం వాళ్ల బాధ్యత. తీగకి డబ్బులంటే మీ కనెక్షన్ కాగితంలో ఏముందో చూసి మాట్లాడండి. ఓఎన్‌టీ చాలాసార్లు కంపెనీదే, మీరు అద్దెకో డిపాజిట్‌కో తీసుకున్నది. అది పాడైతే కొత్తది కొనాల్సింది మీరు కాకపోవచ్చు.

ఆ కుర్రాడి మీద కోపం పెట్టుకోకండి. మీటరు పెట్టి అంకె చదివి మీకు చెప్పాడు, ఆ మాత్రం చెప్పకుండా పోయేవాళ్లే ఎక్కువ. మళ్లీ వచ్చినప్పుడు కాసిన్ని మంచినీళ్లిచ్చి, పని మొదలుపెట్టక ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి పవర్ మీటరు చూపించమనండి. రెండు అంకెలూ తేదీతో సహా గోడ కేలండర్ మీద రాసుకోండి. రెండో అంకె మైనస్ 24 కంటే మెరుగ్గా, అంటే మైనస్ 22, 20 అలా వస్తే సంతకం పెట్టి పంపించండి. రాకపోతే ఆ రెండు అంకెలతో నాకు మళ్లీ ఉత్తరం రాయండి.